అమావాస్య నాడు ధర్మవరంలో రెండో కంచం

పద్మ ఫోన్ చేసినప్పుడు నాకు ముందు కోపం వచ్చింది, భయం తర్వాత వచ్చింది. పద్మ మా చిన్నమ్మ కూతురు. ధర్మవరంలో తల్లితోనే ఉంటుంది. "అక్కా, నువ్వు చెప్పినట్టే నాయన కంచం అటక మీద పెట్టేసినాం. అమ్మ బరువు తగ్గకపోగా ఇంకా ఎక్కినాది. మధ్యాన్నమైతే చాలు, నాయన మగ్గం ఆడతాండాది అంటాది. మొన్న నాకూ వినపడినాది అక్కా" అంది. చిన్నాయన పోయి అప్పటికి ఎనిమిదేళ్లు. ఆ మగ్గం మీద ఎనిమిదేళ్లుగా ఒక్క పోగు లేదు.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఎంతో కాలం కాలేదు. హిందూపురంలో ఒక డాక్టరు దగ్గర నా ఉద్యోగం. ఒళ్లు పెరిగి షుగరు తెచ్చుకున్నవాళ్ల చేత తిండి అలవాట్లు మార్పించడం నా పని. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, బెంగళూరులో మూణ్ణెల్లు నేర్చుకొచ్చిన మనస్తత్వశాస్త్రాన్ని చుట్టాలందరి మీదా ప్రయోగించేదాన్ని. వాళ్లలో చిన్నమ్మ ఓబుళమ్మ ఒకతి. ఆమెది తీసిపారేసే జబ్బు కాదు. అరికాలి పుండు మానడం లేదు. బరువూ షుగరూ దిగకపోతే పాదం తీసెయ్యాల్సి వస్తుందని ధర్మవరం డాక్టరు చెప్పాడు. ఆమెది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, కింద పలకలు తొక్కుతూ నేయాలి. కాలు పోతే ఆమెకు పనీ పోతుంది, బతుకూ పోతుంది.

ఉగాదికి వెళ్లినప్పుడు కారణం పట్టేశాననుకున్నాను. చిన్నమ్మ రోజూ మధ్యాహ్నం రెండు కంచాలు పెట్టేది. మొదట చిన్నాయన కంచంలో మూడు సంగటి ముద్దలు వడ్డించి, కాసేపు ఎదురుగా కూర్చుని, తర్వాత తన వంతు తినేది. వడ్డించింది పారేయరాదని ఆయన వంతూ తనే తినేది. అలవాటుకు మూలం కంటి ముందు లేకుండా చేయాలని మాకు నేర్పారు. నేను కంచం అటకెక్కించమన్నాను, ఏం తిన్నదీ రాయమని నోటు పుస్తకం ఇచ్చాను, రోజుకు రెండు ముద్దలే తింటానని కాగితం మీద ఆమె చేత సంతకం కూడా పెట్టించాను. ఎంత గొప్పగా అనిపించిందో అప్పుడు!

పద్మ ఫోన్ చేసిన మర్నాడు హిందూపురం బస్టాండులో పొద్దున ఆరున్నరకు పల్లెవెలుగు ఎక్కాను. సోమందేపల్లి మీదుగా పెనుకొండకు గంటన్నర పట్టింది, అప్పట్లో టిక్కెట్టు పదిహేను రూపాయల లోపే. తిన్నగా ధర్మవరం వెళ్లే రైలుంది కానీ దాని వేళ కుదరలేదు. పెనుకొండలో దిగేసరికి కొండ మీద మబ్బు కూర్చుని ఉంది. కోట గోడలు సగం దాకా కనబడి, ఆ పైన లేవు. ఎక్కేవాళ్లు ఎవరూ లేరు. గాలి లేని పొద్దు. మామూలుగా అయితే ఒక గంట పాత దర్వాజాల చుట్టూ తిరిగేదాన్ని. ఆ రోజు ఆ కొండకు వీపు పెట్టి కూర్చోవడానికే మనసొప్పలేదు.

బస్టాండు పక్క చిన్న హోటల్లో బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. వండే ఆమె మొదటి గరిటె ఉగ్గాని తీసి వెనక గోడ మీద పెట్టి వచ్చి, అప్పుడు నాకు వడ్డించింది.

"ఎవరికమ్మా అది?" అన్నాను.

"మా అత్తకు. ఈ పొద్దు అమావాస్య గదా. పెద్దోళ్లు ఏ రూపంలో వస్తారో, కాకికి పెట్టందే నేను నోట్లో పెట్టను. నువ్వు యాడికి పోతాండావు?"

"ధర్మవరం."

"చీరలకా? ఈ పొద్దు మగ్గాలు ఆడవమ్మా. అమావాస్యకు పోగు ముట్టరు. వీధులన్నీ నోరు మూసుకొని ఉంటాయి."

తొమ్మిదిన్నరకు ధర్మవరం బస్సు దొరికింది. దార్లో చెనక్కాయ చేలు, ఎర్రమట్టి, ఎండ. పదకొండు దాటాక దిగి ఆటో ఎక్కాను. నేతగాళ్ల వీధులు నాకు చెవులతోనే గుర్తు. ఏ సందులోకి తిరిగినా ఇంటింటి నుంచీ టకటకమని మగ్గం చప్పుడు ఎదురొస్తుంది. ఆ రోజు ఆటో ఆగిపోయాక నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. తలుపులు తీసే ఉన్నాయి. లోపల మగ్గాల మీద, చీర నగిషీకి వాడే చిల్లుల అట్టలు కదలకుండా వేలాడుతున్నాయి. మనుషులు మెల్లగా మాట్లాడుకుంటున్నారు.

చిన్నమ్మ గడప దగ్గర కాలు చాపుకుని కూర్చుని ఉంది. పాదానికి కట్టు. "ఏం పాపా, ఎండన పడి వస్తివే" అని లేవబోయి లేవలేకపోయింది. నోటు పుస్తకం తెప్పించి చూశాను. మధ్యాహ్నం గడి అన్ని రోజులూ ఖాళీ.

"అన్నం తినడం లేదా చిన్నమ్మా?"

"కూర్చొని తినల్యాక పోతాండా. ఆయన ముందర పెట్టకుండా నేనెట్ల పెట్టుకుందు?"

పద్మ వంటింట్లోంచి అంది: "కూర్చోదు అక్కా. బొరుగులు, బెల్లం, చెనక్కాయలు, మిగిలిన ముద్ద, ఏది దొరికితే అది నిలబడే తింటాది. పొద్దుగూకులూ అంతే."

నోటు పుస్తకం మూసేశాను. రెండో కంచం తిండి తీసేశాననుకున్నాను. నేను తీసేసింది ఆమె కూర్చుని తినే ఒకే ఒక్క పూటని. కంచం లేకపోయేసరికి ఆకలికి మొదలూ చివరా లేకుండా పోయింది.

పన్నెండున్నర అయింది. పద్మ సంగటి దించింది. చిన్నమ్మ చెయ్యెత్తి "ఇనండి" అంది.

లోపలి గదిలో చిన్నాయన మగ్గం ఉంది, మీద గుడ్డ కప్పి. ఆ గదిలోంచి టక్ మంది. కాస్త ఆగి మళ్లీ టక్. పలక తొక్కి వదిలిన చప్పుడు. నేను గుమ్మం దాకా వెళ్లాను. గుడ్డ కదలలేదు. గుంటలో చీకటి. పిల్లి లేదు, ఎలుక లేదు. పక్కింటి మగ్గమా అందామంటే ఆ రోజు ఊళ్లో ఏ మగ్గమూ ఆడదు. చెక్క ఎండకు బిగిసి చప్పుడు చేస్తుందని తర్వాత ఒక వడ్రంగి అన్నాడు. కావచ్చు. ఆ గుమ్మంలో నాకు వడ్రంగి గుర్తు రాలేదు.

"పద్మా, అటక మీంచి కంచం దించు" అన్నాను. "దించుతాండా అక్కా" అని అది స్టూలు లాక్కుంది.

కంచం నేల మీద పెట్టాం. చప్పుడు ఆగింది. చిన్నమ్మ ముద్ద చేతిలోకి తీసుకుంది. ఇంకో ముద్ద కూడా తీసుకోబోతుంటే అడిగాను, "చిన్నాయన చివరి రోజుల్లో ఎంత తినేవాడు?"

ఆమె చెయ్యి ఆగింది. "యాడ తినె! మంచాన పడినాక నిమ్మకాయంత పెడితే అదీ మింగలేకపోయె."

"అంతే పెట్టు."

చేతిలోని ముద్ద తిరిగి గిన్నెలో వేసి, నిమ్మకాయంత పెట్టింది. పక్కన ఊరుబిండి పచ్చడి వేసింది. అప్పుడు పెనుకొండ హోటల్ ఆమె మాట చెప్పాను. ఆయన వంతు నువ్వు తినొద్దు, గోడ మీద పెడదాం అన్నాను. చిన్నమ్మకు కళ్లు ఎర్రబడ్డాయి.

"కాకికా? కాకికి పెడితే చచ్చినోడని నేనే ఒప్పుకున్నట్టు గదా పాపా. తద్దినాలు మా మరిది వాళ్లింట్లో పెడతాండాడు. నేను ఒక్కసారి కూడా ఆ పక్క చూడలే."

నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు. ఎనిమిదేళ్లుగా ఆమె తింటున్నది ఆకలికి కాదు. ఆ కంచం ఖాళీ అయితే ఆయన తిన్నట్టు. నాకున్న చదువుతో ఇక ఆమెకు చెప్పగలిగింది ఏమీ లేదు. కట్టు విప్పి పుండు ఆమెకే చూపించాను. ఉగాది నాటికంటే వెడల్పయింది. ఆమె దాన్ని చూసింది, లోపలి గదిని చూసింది, మా ఇద్దరి భుజాలు పట్టుకుని లేచింది.

పెరటి గోడ మీద తనే పెట్టింది. కాకులు వచ్చాయి. కొబ్బరి మట్ట మీద మూడు కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. పావుగంట, అరగంట. కోరిక తీరనివాళ్ల ముద్దను కాకి ముట్టదని మాలో నమ్మకం. ఆ కోరిక తీరుస్తామని ఇంటివాళ్లు పైకి మాట ఇస్తే తప్ప. పద్మ ఏడుపు మొదలుపెట్టింది. చిన్నమ్మ గోడకు చెయ్యి ఆనించి, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడింది.

"ఏమయ్యా, నా కాలు గురించేనా నీకు దిగులు? కాలు నేను కాపాడుకుంటా. నీ వంతు ఇంక నేను తినను. ఒక ముద్దతో లేస్తా. మగ్గం దిగను, బిడ్డను ఇడిసిపెట్టను. ఇంక పో. పోయిరా."

మధ్య కాకి దిగింది. మొత్తం తినేసింది. చిన్నమ్మ వచ్చి కూర్చుని, ఒక ముద్ద తిని చెయ్యి కడుక్కుంది. తర్వాత లోపలి గది వైపు చెవి పెట్టి చాలాసేపు కూర్చుంది. ఏ చప్పుడూ రాలేదు. అప్పుడు మొదలైంది ఆమె ఏడుపు, ఆ రోజే శవం లేచిన ఇంట్లో ఏడ్చినట్టు. అమావాస్యకు మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి వీధి వీధంతా విని వచ్చింది. చిన్నాయన పోయిన రోజు ఆమె కంట చుక్క రాలేదని మా అమ్మ చెప్పేది.

సాయంత్రం ప్యాసింజరు రైల్లో తిరిగొచ్చాను. హిందూపురం దాకా రెండు గంటలకు పైగా. కిటికీ పక్కన కూర్చుని నాలో నేను గొడవ పడుతూనే ఉన్నాను. ఆమె కాలు కాపాడానా, ఆమె మొగుణ్ణి ఆ రోజు చంపానా? దసరా నాటికి పుండు మానింది, బరువు మెల్లగా దిగింది. నేను సంతకం పెట్టించిన కాగితం ఏమైందో ఆమెకు గుర్తు కూడా లేదు, గోడ దగ్గర ఇచ్చిన మాట మాత్రం ఒక్క పూట తప్పలేదు. అయినా నన్ను చూస్తే చిన్నమ్మ ముందులా "ఏం పాపా" అనడం మానేసింది, పరాయివాళ్లను పిలిచినట్టు "రామ్మా" అంటుంది. ఆ బాధ నాకు ఉంది, ఉండాలి కూడా. నాలాగా ఎవరికైనా తిండి తగ్గించమని చెప్పడానికి బయలుదేరేవాళ్లకు ఒక్క మాట: తొలి బస్సు పట్టుకుని, వాళ్లు మధ్యాహ్నం వడ్డించుకునే వేళకు చేరండి. వాళ్ల పక్కన కూర్చుని వాళ్లు తిన్నదే తినండి. చెప్పాల్సింది ఏమైనా మిగిలితే చెయ్యి కడుక్కున్నాక చెప్పొచ్చు.