మామ్మగారి చూపు నా కప్పు మీదే

నా చిన్నప్పుడు, కరోనా మాస్కులు జనం మూతుల మీంచి అప్పుడప్పుడే దిగుతున్న రోజుల్లో, మేము షార్జాలో అల్ నహ్దా అనే పేటలో ఉండేవాళ్లం. ఇప్పుడు మా మనవలకి ఆ మాస్కుల సంగతి చెబితే కోతలు కోస్తున్నానని నవ్వుతారు. అమ్మ ఆసుపత్రిలో నర్సు. మా మావయ్య ఒక స్టూడియోలో వీసా ఫోటోలు తీసేవాడు. సెలవు రోజున ఎవరైనా పిలిస్తే ఇళ్లకు వెళ్లి కుటుంబాల ఫోటోలు కూడా తీసేవాడు. నేనూ వస్తానని వెంటపడేదాన్ని. ఫోటోల మీద మోజుతో కాదు, ఆ ఇళ్లలో ఏదో ఒకటి తినడానికి పెడతారని.

అలా ఒక సాయంత్రం, అమ్మతో పనిచేసే టిబెట్ అక్క ఇంటికి వెళ్లాం. ఆవిడ పుట్టి పెరిగింది కర్ణాటకలోని టిబెటన్ల కాలనీలో. అక్కడి నుంచి ఆవిడ తల్లి విజిట్ వీసా మీద వచ్చింది. నేను మామ్మగారని పిలిచింది ఆ పెద్దావిడనే. మర్నాడు పొద్దున్నే ఆవిడ తిరుగు విమానం ఎక్కాలి. "ఫోన్ నిండా ఫోటోలే గానీ ఒక్కదాంట్లోనూ మా అమ్మ లేదు, ఎప్పుడు చూసినా వంటింట్లోనే ఉంటుంది" అని అక్క మావయ్యతో హిందీలో వాపోయింది. ఆ వయసులో ఆవిడ మళ్లీ వస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు. అందరూ కలిసున్న ఫోటో ఒక్కటి, అదీ ఆ పూటే కావాలి. మామ్మగారికి కొత్తగా కంటి ఆపరేషన్ అయింది కాబట్టి ఫ్లాష్ పనికిరాదు. కిటికీలోంచి వచ్చే ఎండే దిక్కు. ఎదురు బిల్డింగు నీడ హాల్లోకి వచ్చేలోపు పని అయిపోవాలి.

ముందు మాకు టీ వచ్చింది. కాళ్లదాకా గౌను, దాని మీద రంగుల చారల గుడ్డ కట్టుకున్న మామ్మగారు రెండు చేతులతో కప్పు అందించింది. ఒక గుక్క తాగితే ఉప్పగా ఉంది, పైన వెన్న తేలుతోంది. పక్కన మన గవ్వల్లాంటి పిండివంట ఉంది కాబట్టి బతికిపోయాను. ఒకరింట్లో పెట్టింది వదిలితే వాళ్ల మొహం మీద కొట్టినట్టేనని మా అమ్మ నూరిపోసిన మాట. అందుకని ఊపిరి బిగబట్టి గటగటా తాగేసి, పీడా వదిలిందని కప్పు కింద పెట్టాను. మామ్మగారి మొహం వెలిగిపోయింది. పిల్లకి ఎంత నచ్చిందో అనుకుని ఉంటుంది, ఫ్లాస్కు వంచి మళ్లీ అంచుదాకా నింపింది.

మావయ్య అందరినీ సోఫాలో సర్దాడు. అక్క, ఆవిడ భర్త, ఇద్దరు పిల్లలు, మధ్యలో మామ్మగారు. అటు ఆయన కెమెరాకి కన్ను ఆనించేసరికి ఇటు నేను రెండో కప్పు ఖాళీ చేశాను. మామ్మగారు లేచి వచ్చి నింపి వెళ్లింది. మూడో కప్పుకీ అంతే, నాలుగో కప్పుకీ అంతే. అక్క ఇబ్బందిగా నవ్వుతోంది. ఇంటికొచ్చిన చుట్టాన్ని తాగొద్దని ఏ నోటితో చెబుతుంది? నా పొట్ట డప్పయింది. నీడ సోఫా కాళ్లదాకా వచ్చేసింది.

మావయ్య విసుక్కోలేదు. అప్పటిదాకా తీసినవి కెమెరా వెనక చిన్న తెర మీద ఒక్కొక్కటే చూసుకున్నాడు. అన్నింట్లోనూ మిగతావాళ్లు కెమెరాని చూస్తున్నారు, మామ్మగారు నా కప్పుని చూస్తోంది. ఆయన నా పక్కకి వచ్చి వంగి, తెలుగులో మెల్లగా అన్నాడు.

"ఒసేయ్, ఆవిడ లేస్తోంది నీ మూలానే. కప్పు ఖాళీ అయితే కూర్చోలేకపోతోంది. తాగకుండా నిండుగా ఉంచు."

"వదిలెయ్యకూడదని అమ్మ చెప్పింది కదా."

"అది మనింటి మర్యాదే. ఇది ఆవిడ ఇల్లు."

ఐదోసారి నిండిన కప్పుని ఒళ్లో పెట్టుకుని, ఏదో తప్పు చేస్తున్నదానిలా కూర్చున్నాను. మామ్మగారు ఒకసారి కప్పు వంక చూసింది. కాసేపాగి మళ్లీ చూసింది. అప్పుడు వెనక్కి ఆనుకుని, చిన్న మనవడిని దగ్గరికి లాక్కుని, తల ఎత్తి నవ్వింది. మావయ్య ఆ క్షణం కోసమే కాచుకుని ఉన్నాడు. ఆ ఫోటో చూసి అక్క నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

తర్వాత అక్కే చెప్పింది. చుట్టం ఉన్నంతసేపూ కప్పు నిండుగా ఉంచడం వాళ్ల పద్ధతట, ఇక బయల్దేరతామన్నప్పుడు తాగేస్తే చాలట. అంటే ఆ సాయంత్రం నేను నాలుగుసార్లు సెలవు తీసుకుని, నాలుగుసార్లూ కదలకుండా కూర్చున్నానన్నమాట. వెళ్లేటప్పుడు చల్లారిన ఆ టీని నిలబడి తాగేశాను. మామ్మగారు ఈసారి నింపలేదు. నా మెడలో తెల్లటి పట్టు కండువా వేసి, నా నుదుటికి తన నుదురు ఆనించింది. ఎందుకో నాకు ఏడుపొచ్చింది.

ఆవిడని మళ్లీ చూడలేదు. కానీ ఇన్నేళ్లయినా ఎవరింటికి వెళ్లినా, నా మర్యాద చూపించే తొందరలో పడను. ముందు ఆ ఇంటావిడ కూర్చుందా లేదా అని చూస్తాను. నా మూలాన కూర్చోలేకపోతుంటే, నేను చేస్తున్నదేమిటో కనుక్కుని మానేస్తాను.