సారు పంపిన వాక్యం, నేను కోయించిన లింకు

నా పేరు యాదమ్మ. వయసు డెబ్బై దాటింది, సరిగ్గా ఎంతో ఎవరూ రాసిపెట్టలేదు. మాదన్నపేట మార్కెట్ వెనక గల్లీలో కొడుకు, కోడలు సరితతో ఉంటాను. నలభై ఏళ్లు ఆకుకూరలు అమ్మాను. చదువు రాదు.

మా పక్కింటి సారు పోయిన శుక్రవారం చనిపోయారు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. గల్లీ వాళ్లంతా వచ్చి దండలు వేశారు. వేసి, బయట నిలబడి, "మంచోడే గాని, ఆ తప్పుడు వార్త ఒకటి పంపిండు" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, లేస్తే నిలబడబుద్ధి కాదు. అందుకే సరితతో ఈ కాగితం రాయిస్తున్నాను. ఫొటో తీసి గల్లీ గ్రూపులో పెడతాం. అందరూ మొత్తం చదవండి.

సారు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవారు. రిటైరయ్యాక కూడా పేపరు పట్టుకుంటే వరుస కింద స్కేలు పెట్టేవారు. ఫోనులో వార్తలు చదివి, ఎవరికి ఏది కావాలో చూసి పంపేవారు. ఉత్త వార్త కాదు. కావలసిన వాక్యాన్ని వేలితో నొక్కిపట్టి, అక్కడే తెరుచుకునే లింకు తీసేవారు. నొక్కితే ఫోను సీదా వార్త నడుమకు పోయేది, ఆ వరుస పసుపు రంగులో కనబడేది.

నా మోకాళ్ల నొప్పులకు ఒకటి పంపారు.

"గిదంతా చదవాల్నా సారూ? మా కోడలు కూర మాడిపోతది."

"పసుపు ఉన్న కాడ చదివించుకో అక్కా, చాలు. మిగతాదంతా డాక్టర్లు కొట్లాడుకున్నది."

"మనిషిని గేటు కాడ ఇడిస్తే తప్పిపోతడు. సీదా ఇంట్ల అర్రలకు తోల్కపోవాలె" అని ఎన్నోసార్లు అనేవారు.

ఎండాకాలంలో రోడ్డు వెడల్పు వార్త వచ్చింది. మార్కెట్ చుట్టూ ఇళ్లు పోతాయని పైన పెద్ద అక్షరాల్లో ఉందట. వెనక గల్లీలకు ఏమీ కాదని ఎక్కడో కింద ఒక్క వాక్యం. సారు దాన్నే పట్టి నాకు పంపారు. పొద్దున్నే పూల బొమ్మలు పెడుతున్నారని విసిగి ఆయన గ్రూపులోంచి ఎప్పుడో బయటికి వచ్చేశారు. "నువ్వు పెట్టించు అక్కా, మనోళ్లు మస్తు ఫికర్ చేస్తున్నరు" అన్నారు.

ఆ లింకు చూస్తే ఫోను నిండా గీతలు, సున్నాలు, అంకెలు.

"గింత పొడుగేంది? సగం కొయ్యి" అన్నాను.

"సారు పంపిండు అత్తమ్మా, ఉండనియ్యి."

"తోటకూర కట్ట వేర్లతోటి అమ్ముతమా? మట్టి కాడికి కొయ్యి."

కోసింది. పసుపు వరుసకు తీసుకుపోయే దారి ఆ కోసిన ముక్కలోనే ఉందని నాకేం తెలుసు?

గ్రూపులో నొక్కినవాళ్లందరికీ పైన పెద్ద అక్షరాలే కనబడ్డాయి. సారు పంపిందని నేనే చెప్పించాను, ఇక ఎవరూ అనుమానపడలేదు. కొట్టం పోతుందని పాల మల్లేశ్ మూడు రోజుల్లో రెండు బర్రెలను అమ్మేశాడు. నిజం తెలిశాక సారు గుమ్మం ముందుకొచ్చి లొల్లి పెట్టాడు.

"చదువుకున్నోనివి, గిట్లనా చేసేది?"

సారు తన ఫోను తెరిచి పసుపు వరుస చూపించారు.

"గిది ఇప్పుడు దిద్దినవ్. ప్రూఫుల పనే గదా నీది!"

అందరూ నవ్వారు. సారు నా వైపు చూశారు. నేను చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. లింకు నా ఒక్కదానికే పంపారు కాబట్టి ఎవరు కోశారో ఆయనకు తెలుసు. నా పేరు చెప్పలేదు. ఆ తర్వాత గల్లీలో ఎవరికీ ఏదీ పంపలేదు. నాకు మాత్రం వారం తిరగకుండా కంటి పరీక్ష ఏ రోజో ఉన్న వరుస పంపారు. అప్పుడైనా నాకు నోరు రాలేదు. మార్కెట్లో ఎంతమంది నోళ్లు మూయించిన నోరు ఇది!

తప్పుడు వార్త సారు పంపలేదు. కోయించింది నేను. సరితను ఏమీ అనకండి, అది వద్దనే అంది. అరవాలనుకున్నవాళ్లు నా దగ్గరికి రండి. సారులాగా ఊరుకోను, కానీ వింటాను.

మల్లేశ్‌ను సారు ఇంటి ముందుకు పిలిపించి ఇదంతా చదివి వినిపించాం.

"ఒక్కసారి కిందికి జరిపి సూడలే నేను" అన్నాడు. "గది గూడ రాయి వదినా."

సరిత రాసింది. అతను కాగితాన్ని సారు ఇంటి గోడకు ఆనించి సంతకం పెట్టబోయాడు. నిలువు గోడ మీద పెన్ను సాగలేదు. గట్టిగా నొక్కి, అదే అక్షరం మీద మళ్లీ మళ్లీ దిద్దుతూ నిలబడ్డాడు.

యాదమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర
చూసినవాళ్లు: సరిత, మల్లేశ్