మా మరిదీ, మొరాయించే మిషనూ

అవునండీ, ఆ మరిదే! ఆసుపత్రిలో ఈసీజీలు తీస్తుంటాడు. ఒక్క కాగితంతో మనిషిని వదిలిన పాపాన పోలేదు. తీగలు పీకించుకుని మనం చొక్కా గుండీలు పెట్టుకునేలోగా బుర్ర గోక్కుంటూ వచ్చేస్తాడు.

"మిషను మొరాయించిందండీ. తప్పు నాదే. ఇంకొక్కటి!"

ఇరవై రెండేళ్లుగా అది మొరాయిస్తూనే ఉంది. జనం తిట్టని తిట్టు లేదు. "నీకీ ఉద్యోగం ఎవడిచ్చాడయ్యా?" అంటే, "నాకూ అదే అనుమానమండీ" అంటూ మళ్లీ చల్లటి జెల్లు రాసేస్తాడు.

మొన్న నా వంతు వచ్చింది. పొద్దున్నే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు, దవడ లాగుడు, చెమట. పరుగున వెళ్లాను. కాగితం బాగుందన్నారు. రక్తపరీక్షా బాగుందన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను! ముప్పై ఏళ్లు బళ్లో పిల్లల దొంగ కడుపునొప్పులు పట్టుకున్నదాన్ని, చివరికి నేనే దొరికిపోయానా? గబగబా చెప్పులు వేసుకున్నాను.

"వదినా, తీగ ఊడింది. ఇంకోటి తీయాలి."

"చూస్తూనే ఉన్నాను, ఏ తీగా ఊడలేదు."

"అయితే కాగితం ఇరుక్కుంది. పడుకో."

"ఎంతసేపు నాయనా?"

"మళ్లీ రక్తం తీసేదాకా. గుండె దెబ్బతింటే ట్రోపోనిన్ అనేది రక్తంలోకి జారుతుంది. పరీక్షలో కనబడడానికి గంటలు పడుతుంది. నీలాగే నెమ్మది."

"నేను నెమ్మదా?"

"మాటల్లో కాదులే."

మూడో కాగితం తీస్తూ నవ్వడం మానేశాడు. గీతలు పైకి లేచాయట. కాగితం చింపుకుని డాక్టరుగారి గదికి పరిగెత్తాడు. ఆ మనిషి పరిగెత్తగా చూడడం నాకదే మొదటిసారి. కాసేపట్లో నన్ను లోపలికి తీసుకెళ్లి, మూసుకుపోయిన రక్తనాళం తెరిచేశారు. రెండోసారి తీసిన రక్తంలో ట్రోపోనిన్ ఎగబాకిందని తర్వాత తెలిసింది.

మర్నాడు నర్సమ్మతో, "మావాడికి కొత్త మిషను ఇప్పించండమ్మా" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "మిషను గుండ్రాయిలా ఉందండీ! డాక్టరుగారు ఉండమన్నా, 'ఏమీ లేదన్నారుగా' అని సిగ్గుపడి పారిపోతారు జనం. తన తప్పంటే మాత్రం జాలిపడి పడుకుంటారట."

ఇరవై రెండేళ్ల తిట్లు! అందులో సగం నావే. అప్పుడే తీగలు పట్టుకుని వచ్చాడు మావాడు. నాకు కళ్లు చెమర్చాయి.

"ఏడవకు వదినా, గీత వణుకుతుంది."

సరే, ఇక ఉంటానండీ. మా డ్రిల్లు మాస్టారికి నిన్నటినుంచీ మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందట, "ఏం లేదులెండి" అంటున్నారట. ఇప్పుడే ఫోన్ చెయ్యాలి. ఆయన గుండె సంగతి ఎత్తను. "ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్లాలంటే భయంగా ఉంది మాస్టారూ, తోడు వస్తారా?" అంటాను.