గొడుగు పాట హత్సుయేగారు

రేవులో కొయ్య పడవలు పోయి ఇనుప పడవలు వచ్చి, బజారువీధికి వేసిన గాజు పైకప్పు మాసి దాని స్థానంలో మరొకటి వెలసి, పాడేవారికి వెనుక వాద్యం వినిపించే కరావోకే యంత్రమనేది బట్టల బీరువా ప్రమాణంలో అవతరించి క్రమంగా కృశించి పలక పరిమాణానికి దిగి, మా ఊరివారి తలలు నలుపు నుంచి తెలుపుకూ, తెలుపు నుంచి శూన్యానికీ ప్రయాణించిన ఈ సుదీర్ఘకాలంలో, మారక నిలిచినది ఒక్కటే: ఊరగాయల కొట్టు హత్సుయేగారు సులభమైన పాట తప్ప పాడరు.

సులభమంటే సామాన్యమైన సులభం కాదు. పల్లవి వస్తే చరణం రాకపోయినా గడిచిపోవాలి. పై స్వరం కోసం మడమలెత్తే అగత్యం ఉండరాదు. నడుమ దగ్గు వచ్చినా, అది కూడా పాటలో భాగమేనని విన్నవారు భ్రమించాలి. ఈ మూడు లక్షణాలూ లేని పాటను ఆమె పాటగా అంగీకరించరు.

బుధవారం మధ్యాహ్నాలు మేమంతా ఇకుయోగారి కాఫీ కొట్టులో చేరేవాళ్లం. ఆ కొట్టు పేరు ‘నీటికాకి’. అక్కడి గాత్రాలను బట్టి పేరు పెట్టారో, పేరును బట్టి గాత్రాలు అలా తయారయ్యాయో నిర్ణయించటం కష్టం. మన దేశం నుంచి వచ్చి ఈ ఊరి విద్యాపీఠంలో బౌద్ధగ్రంథాలు పాఠం చెబుతూ ముసలివాణ్ణయిన నాకు అక్కడ చప్పట్లు కొట్టే పదవి శాశ్వతంగా దక్కింది.

“కొత్త పాటొకటి నేర్చుకోరాదా అక్కా?” అని ఇకుయోగారు అడిగేవారు.

“పాతదే ఇంకా పూర్తిగా రాలేదు,” అనేవారు హత్సుయేగారు, ముల్లంగి ఊరగాయ పొట్లం బల్లమీద పెడుతూ.

“మరి ఇంట్లో సాధన చెయ్యొచ్చుగా?”

“చేస్తే మా ఆయన చెవియంత్రం తీసి చక్కెర డబ్బాలో దాస్తున్నాడు. తర్వాత టీలో కలుపుకుంటాడేమోనని మానేశా.”

ఆమెకు ప్రతిపక్షం హోజుమిగారు. స్టేషన్ మాస్టరుగా పనిచేసి విరమించిన ఆయన బుధవారం బృందానికి అధ్యక్షులు. రైలు నిమిషం ఆలస్యమైతే ప్రయాణికులకు వంగి క్షమాపణ చెప్పుకున్న మనిషి. ఆయన పాడే పాటలన్నీ మా అలంకారశాస్త్రం చెప్పే నారికేళపాకానికి ఉదాహరణలు. రసం లోపల ఉంటుంది కానీ, టెంకాయ పగలాలి. అది పగిలేలోగా ఆయన నుదుటి నరాలు పగులుతాయేమోనని మేము భయపడేవాళ్లం.

ఒకనాడు హత్సుయేగారితో అన్నాను: “మీది ద్రాక్షాపాకమమ్మా. నోట వేసుకోగానే రసం. మా పూర్వులు దాన్నే మెచ్చుకున్నారు.”

“ద్రాక్ష కాదు పంతులుగారూ, ముల్లంగి,” అన్నారామె. “ఊరాలి. అందుకే నిదానం.”

ఆ నిదానమే అసలు వివాదం. పాట వేగాన్ని పెంచటానికీ తగ్గించటానికీ యంత్రానికి రెండు మీటలుంటాయి. హత్సుయేగారు తన వంతు రాగానే తగ్గించే మీటను పట్టుకుని, ఊరగాయ జాడీమీద రాయి పెట్టినట్లు నొక్కి ఉంచేవారు. అసలే సులభమైన పాట మోకాళ్లమీద పాకటం మొదలుపెట్టేది.

“హత్సుయేగారూ, మీ పాట ఆలస్యంగా నడుస్తోంది,” అనేవారు హోజుమిగారు, గడియారం చూసుకుంటూ.

“ఎక్కేవాళ్లున్నారు మాస్టరూ. కాసేపు ఆగితే ఏం పోయింది?”

“ఎవరూ ఎక్కటం లేదు. ఉన్నవాళ్లు దిగిపోతున్నారు.”

“దిగేవాళ్లకైనా బండి ఆగాలి కదా.”

ఇంతకంటే పెద్ద నేరం మరొకటి ఆమె మీద ఉంది. ఆ పాట ఆమెది కాదు. వానలో బస్సు కోసం నిలబడ్డ అమ్మాయి, పక్కన తడుస్తున్న అబ్బాయిని “నా గొడుగులోకి రా, రా, రా” అని పిలిచే ఆ పాట తొకుజోది. రేవులో చేపల వేలంపాట పాడే తొకుజో ఆ కంఠం ఎత్తితే బుట్టలో చచ్చిన చేప కూడా తన ధర విని ఉలిక్కిపడేది. అతనికి వచ్చిన సినీగీతమల్లా అదొక్కటే. దానిలో ఉన్నది అయిదు స్వరాలు, లెక్కలేనన్ని ‘రా’లు. ఒకరు సొంతం చేసుకున్న పాటను అదే కొట్టులో మరొకరు పాడటం మా ఊళ్లో ఎదుటివారి చెప్పులు తొడుక్కుపోవటం కంటే పెద్ద తప్పు.

అటువంటి తొకుజో ఒక ఉదయం వేలం నడుమ కూలిపోయాడు. ప్రాణం దక్కింది, మాట పోయింది. వేలంలో పాట ముగించే ‘అమ్ముడైంది’ అనే మాట ఒక్కటి మాత్రం ఎలాగో మిగిలింది. కాఫీ కావాలా అన్నా అమ్ముడైంది. నొప్పిగా ఉందా అన్నా అమ్ముడైంది. మొదట్లో నవ్వుకున్నాడు. తరువాత ఆ ఒక్క మాటా పలకటం మానివేసి, మనుషుల్లోకి రావటం మానివేశాడు.

అతడు ఆసుపత్రిలో ఉండగానే, మా బుధవారం సభలో హత్సుయేగారు లేచి గొడుగు పాట అడిగారు.

“అది తొకుజోది,” అన్నారు హోజుమిగారు.

“తెలుసు. పెట్టండి.”

“తెలిసీ తీసుకుంటున్నారా?”

“తెలియక తీసుకుంటే పొరపాటు. తెలిసి తీసుకుంటే నిర్ణయం. పెట్టండి ఇకుయో.”

ఆనాటి నుంచి ఆమెకు పాటలదొంగ అని పేరు. ఆ దొంగిలించిన సొత్తునైనా బాగా చూసుకున్నారా అంటే అదీ లేదు. ఏ బుధవారమూ వదలక, నత్తకు నడక నేర్పుతున్నట్లు పాడేవారు. పాట ముగియగానే యంత్రం తెరమీద వేసే మార్కులు చూసి ఆమె తప్ప అందరూ సిగ్గుపడేవారు. ఋతువులు తిరిగాయి. మాకు ఇష్టం లేకున్నా ఆ వేగం మా ఎముకల్లోకి దిగింది. కూరగాయల బజారులో నడుస్తూ నేనే ఆ తాళానికి అడుగులు వేస్తున్నానని గ్రహించి, ఒక ఉల్లికాడల కట్ట దగ్గర ఆగిపోయాను.

వసంతం వచ్చి, పూసిన చెట్ల కింద చాపలు పరుచుకుని చేసుకునే పూల విందు సమీపించింది. హోజుమిగారు సభలో ఒక తీర్మానం పెట్టారు. ఇకముందు ఎవరూ వేగం తగ్గించరాదు. గొడుగు పాటను చెర విడిపించి, సరైన వేగంతో విందునాడు తామే పాడతారు. అంగీకరించినవారు చేతులెత్తాలి. చాలా చేతులు లేచాయి. ఇకుయోగారి చెయ్యి, నా చెయ్యి మాత్రం కాఫీ కప్పులను గట్టిగా పట్టుకున్నాయి. హోజుమిగారు అక్కడికక్కడే ఆ మీటమీద అంటుకాగితం అతికించారు.

హత్సుయేగారు లేచి నిలబడ్డారు. మనిషి నా భుజానికి రారు. ఆ క్షణంలో మాత్రం పైకప్పు కొంచెం పైకి జరిగినట్లు అనిపించింది.

“పాట వదలను మాస్టరూ.”

“తీర్మానం అయిపోయింది.”

“మీ తీర్మానం మీ దగ్గర పెట్టుకోండి. వచ్చే బుధవారం దాకా ఆ పాట ఎవరి నోటా రాకూడదు. ఆ తర్వాత నన్ను పొమ్మంటే, తలుపు నేనే మూసుకుని పోతా.”

“వచ్చే బుధవారం ఏముంది?”

“నా వంతుంది.”

తరువాతి బుధవారం ఆమె ఆలస్యంగా వచ్చారు. ఒంటరిగా రాలేదు. వెనుక తొకుజో భార్య, ఆమె భుజం పట్టుకుని, చేతికర్రతో తొకుజో. సగం ముఖం జారి ఉంది. మమ్మల్ని చూడలేక నేలను చూస్తున్నాడు. గుమ్మం దగ్గరే వెనుదిరగబోయాడు.

“వచ్చినవాడివి కూర్చో,” అన్నారు హత్సుయేగారు. “ఇన్నాళ్లూ నీ పాట పాడి నా పరువంతా పోయింది. నీది నువ్వు తీసుకో.”

వెళ్లి యంత్రం ముందు నిలిచి, ఉప్పుకు మొద్దుబారిన గోటితో అంటుకాగితం పెరికి, మీటను నొక్కిపట్టారు. హోజుమిగారు గడియారం చూసుకున్నారు.

పాట మొదలైంది. మైకు తొకుజో చేతికి వచ్చింది. తొలి పంక్తి అతణ్ణి దాటిపోయింది. రెండవదాని నడుమ ఎక్కడో, తుప్పుపట్టిన గొళ్లెం కదిలినట్లు, ఒక ‘రా’ వచ్చింది. దాని వెనుక మరొకటి. మాట రాని గొంతులో పాట పలుకుతోంది.

అప్పుడు ఎవరూ సైగ చేయకుండానే కొట్టంతా అందుకుంది. ఒక్కరూ తొందరపడలేదు, ఒక్కరూ ముందుకు పోలేదు. ఆ నత్తనడక మాకందరికీ కంఠస్థం. తొకుజో ఆగినచోట మేమూ ఆగాం, కదిలినచోట కదిలాం. హోజుమిగారి బూటు నేలమీద తాళం వేస్తోంది, అంగుళం అంగుళంగా, అత్యంత ఆలస్యంగా.

పాట ముగిసింది. యంత్రం తన జన్మలో ఎన్నడూ వేయనంత తక్కువ మార్కులు వేసింది. తొకుజో తెరవైపు చూశాడు, మా వైపు చూశాడు, కర్రతో నేలను ఒక్క దెబ్బ కొట్టాడు.

“అమ్ముడైంది,” అన్నాడు. రేవు దాకా వినిపించి ఉంటుంది.

నవ్వులు సద్దుమణిగాక అతని భార్య చెప్పింది. మాట పోయినవారికీ ఒక్కోసారి పాట పలుకుతుందని, మాట నేర్పే వైద్యురాలు ఆసుపత్రిలోనే సులభమైన పాట ఏదైనా ప్రయత్నించమన్నదట. ఆదివారాలు హత్సుయేగారు మొదట ఆసుపత్రికీ, తరువాత వారింటికీ వెళ్లి అతనితో కలిసి పాడేవారట. అతనికి అందే వేగమెంతో అక్కడ చూసి, ఆ వేగాన్నే ఇక్కడికి మోసుకొచ్చేవారట.

“ముందే ఒక్క మాట చెబితే మేమే నేర్చుకునేవాళ్లం కదా,” అన్నారు హోజుమిగారు, చిన్న గొంతుతో.

“చెబితే జాలిపడి పాడతారు. జాలిగా పాడితే తాళం తప్పుతుంది. చిరాకుపడుతూ విన్నారు కాబట్టే ఇంత గట్టిగా వచ్చింది.”

“మరి అంత ఘోరంగా ఎందుకు పాడారు?”

“నేను బాగా పాడి పెడితే, నా తర్వాత వీడు నోరు తెరుస్తాడా? అయినా ఘోరమన్నది మీ అభిప్రాయం.”

“మేము దొంగ అన్నాం మిమ్మల్ని.”

“పూలచెట్టు కింద చాప పరిచి చోటు పట్టినవాణ్ణి తోట దొంగ అంటామా మాస్టరూ? కూర్చోవలసినవాడు వచ్చాడు, నేను లేచాను.” ఆమె ఇకుయోగారి వైపు తిరిగారు. “ఇప్పుడు నాకు పాట లేకుండా పోయింది. ఇంతకన్నా సులభమైనది ఏదైనా ఉంటే చూడు.”

“ఇంతకన్నా సులభమైనది లేదక్కా.”

“వెతుకు. ‘ఊ’ అంటే చాలేది ఎక్కడో ఉండే ఉంటుంది.”

హోజుమిగారు కళ్లద్దాలు పెట్టుకుని, పాటల పట్టికను తామే మొదటి నుంచి వెదకటం ప్రారంభించారు.

హత్సుయేగారి జాడీలకు బూజు సోకకుండుగాక. ఆమె ముల్లంగి ఏ ఋతువులోనైనా కరకరలాడుగాక. ఆమె భర్త చెవియంత్రం చక్కెర డబ్బాలో సుఖంగా ఉండుగాక, ఆయన టీ మాత్రం క్షేమంగా ఉండుగాక. ఆ ఇంట ఎవరు ఎంత నిదానంగా నడిచినా, వారికోసం ఆగే గొడుగొకటి గుమ్మం దగ్గర ఎల్లవేళలా తెరిచి ఉండుగాక.