ఆరని పూత

మా బావకి ఓపిక ఎక్కువ, బుర్ర తక్కువ అని నేనెప్పుడూ ఆటపట్టించేవాణ్ణి. చెక్క సామాన్లకి పాలిష్ వేయడం ఆయన పని. ఒక పూత ఆరకుండా రెండోది వేయమని ఎంతటి షావుకారు బతిమాలినా కుదరదనేవాడు. "తడి మీద తడి వేస్తే రెండూ చెడతాయి బామ్మర్దీ" అనేవాడు. నిద్రలో లేపినా అదే మాట.

రోజంతా మోకాళ్ల మీద కూర్చునే పని కదా, ఆ నొప్పులకి ఎవరో గంజాయి అలవాటు చేశారు. పెరటి మెట్ల మీద కూర్చుని తాగేవాడు. మా అక్క తెలిసీ తెలియనట్టు వంటింటి కిటికీ మూసేసేది. వాళ్ల మధ్య గొడవంటూ ఉంటే అదొక్కటే, అదీ నోరు విప్పని గొడవ.

ఒకసారి చెక్క గీకే రేకు జారి పిక్క తెగింది. కాలు వాచింది, జ్వరం వచ్చింది. డాక్టరు యాంటీబయాటిక్ మాత్రలు రాశాడు. మందుల షాపతను అవి ఇస్తూ, "ఇవి వాడినన్నాళ్లూ మత్తు పదార్థాలేవీ ముట్టుకోకండి" అన్నాడు.

"మా ఆయనకి అలాంటివేం లేవండీ" అంది అక్క.

బావ తలూపాడు.

నేను చూడడానికి వెళ్లినప్పుడల్లా "నొప్పే లేదురా" అని నవ్వేవాడు. నమ్మాను. ఊరందరి ఇళ్లకీ మెరుపు తెచ్చి సొంతింట్లో ఒక్క చెక్కముక్కని పట్టించుకోలేదని, ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని అక్క దెప్పేది. ఆ మాట పడలేక, కుంటుతూనే ఆమె బీరువాకి మొదటి పూత వేశాడు. ఆ సాయంత్రమే వణుకుతూ కూలబడ్డాడు.

ఆస్పత్రిలో డాక్టరు మాత్రల అట్ట చూసి, "సగం అలాగే ఉన్నాయేంటి?" అని అడిగాడు. అక్క బయటికి వెళ్లేదాకా బావ నోరు విప్పలేదు.

"గంజాయి తాగిన రోజు మాత్ర వేసుకోలేదండీ. మాత్ర వేసుకున్న రోజు అది ముట్టుకోలేదు. రెండూ కలవకుండా చూసుకున్నాను" అన్నాడు. మంచి పని చేసిన పిల్లాడిలా నా వైపు తిరిగాడు. "ఒకటి ఆరాకే ఇంకోటి కదరా."

డాక్టరు కోప్పడలేదు. "ఆ అలవాటు సంగతి మాకు చెప్పాల్సింది. మాత్ర మాత్రం మానకూడదు. మత్తులో నొప్పి తెలియలేదు గానీ, లోపల చీము పాకుతూనే ఉంది. ఇప్పుడు రక్తమంతా పాడైంది" అన్నాడు.

నాకు బావ మీద ఒళ్లు మండిపోయింది. లాగి ఒక్కటిచ్చుకుందామనిపించింది. ఇవ్వలేక, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ వేళ్లకి పాలిష్ వాసన ఇంకా వదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం ఆ చెయ్యి నా చేతిలోనే చల్లబడిపోయింది. అంత మంచివాడు అంత తెలివితక్కువగా పోయాడని ఇప్పటికీ ఏడుపొస్తుంది.

కొన్ని నెలలయ్యాక, బీరువాని అలా చూడలేక, రెండో పూత నేనే వేద్దామని పాలిష్ డబ్బా మూత తీశాను. అక్క వంటింట్లోంచి వచ్చింది. ఎప్పుడో ఎండిపోయిన ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉంచింది.

"ఆగరా" అంది. "మొదటిది ఇంకా ఆరలేదు."

నేను మూత పెట్టేశాను.