పూజ తర్వాత కనిపించని కార్డు

నగరిలో మా పెద్దనాయన షెడ్డులో పన్నెండు పవర్‌లూమ్‌లు ఉన్నాయి. వాటి చప్పుడుకు కాస్త ఎడంగా, మేడమెట్ల కింద ఉన్న చిన్న గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని నేను. చీర అంచుకు కావలసిన పువ్వునో నెమలినో తెర మీద గళ్లలో గీసేదాన్ని. ఆ గీతను బట్టి పక్కనున్న మిషన్ అట్టలకు చిల్లులు కొట్టేది. అట్టలు మగ్గానికెక్కితే గుడ్డలో పువ్వు పడుతుంది. మిషన్ వైరు వచ్చి కలిసేది కంప్యూటర్ లోపల నిలబెట్టిన ఒక కార్డుకు. అది పాత రకం. దాన్ని పట్టే సన్నని గాడి, స్లాట్ అంటారు, మా కంప్యూటర్‌లో ఒక్కటే ఉంది. దాని కోసమే ఆ ముసలి పెట్టెను ఇన్నాళ్లూ మార్చకుండా ఉంచాం.

ఈ పని నాకెవరూ నేర్పలేదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయాక షెడ్డులో నూలు కండెలు చుట్టేదాన్ని. మధ్యాహ్నాలు శాఖా గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. అక్కడ అన్నిటికంటే కింది అరలో, పై కాగితం ఊడిపోయిన కంప్యూటర్ రిపేరు పుస్తకం ఒకటి దొరికింది. నాలుగుసార్లు నా పేరు మీద రాయించుకుని ఇంటికి తెచ్చుకున్నాను. అర్థం కాని పేజీలను నోట్‌బుక్కులో ఎత్తి రాసుకున్నాను. కండెల దగ్గర నుంచి కుర్చీ దాకా నన్ను తెచ్చింది ఆ లైబ్రరీయే అని ఇప్పటికీ చెప్పుకుంటాను.

ఆ గదిలోకి రోజూ వచ్చే మనిషి వదిన, పెద్దనాయన కోడలు. పుట్టిల్లు తిరుత్తణి. టీ తెచ్చి పక్కన కూర్చుని, ఈ పచ్చకు ఆ ఎరుపు నప్పదని చెప్పేది. చాలాసార్లు ఆమె మాటే నిజమయ్యేది. మౌస్ పట్టుకోవడం ఆమెకు నేనే నేర్పాను. ఆ ఇంట్లో నా మనసులోది చెప్పుకున్నది ఆమె ఒక్కదానికే.

ఏటా ఆయుధపూజకు ముందు కంప్యూటర్ విప్పి, కార్డు పీకి పేపరు మీద పెట్టి, దుమ్మంతా దులుపుతాను. ఆ ఏడూ అంతే చేశాను. కత్తెరలు, మగ్గం నాడెలు, స్క్రూడ్రైవర్లు, విప్పిన పెట్టె, అన్నిటికీ వదినే చందనం, కుంకుమ పెట్టింది. పూజ రోజు పనిముట్టు ముట్టకూడదు, పుస్తకం తెరవకూడదు. మరుసటి పొద్దున నేను వెళ్లేసరికి కార్డు లోపల ఉంది, మూత బిగించి ఉంది.

"నువ్వు చేసేది సూస్తానే ఉంటాను గదా. నేనే పెట్టేసినా" అంది వదిన.

నాకు సంతోషమే వేసింది.

కంప్యూటర్ వేస్తే తెర వచ్చింది, మిషన్ కదల్లేదు. లోపలి పరికరాల జాబితా తెరిచి చూశాను. అన్నీ ఉన్నాయి, కార్డు పేరు లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ దృష్టిలో అలాంటి వస్తువే ఆ పెట్టెలో లేదు. పుస్తకం చెప్పిన వరుసలోనే వెళ్లాను. కార్డు పీకి గట్టిగా అదిమాను. దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించాను. కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్లి స్లాట్ ఆపేసి ఉందేమోనని చూశాను. రెండు రోజులు గడిచాయి.

"బొట్టు లోపల యాడైనా పెట్టినావా వదినా?" అని అడిగాను.

"లేదు మే. పైన రేకుకే."

మూడో రోజు పెద్దనాయన గది గుమ్మంలో నిలబడ్డాడు. "తిరుపతి కొట్టాయనకి పెండ్లి చీరలు పోవాల. సోమారానికి అట్టలు మగ్గానికి ఎక్కాల. నీ లైబ్రరీ పుస్తకంలో సోమారం యాడన్నా రాసుండాదా?"

బయట మగ్గం ఆపుకుని నిలబడ్డ ఇద్దరు నవ్వారు.

"కాలేదంటే చెప్పు. డిజైన్ పని తిరుత్తణిలో మా కోడలి తమ్ముడికి ఇచ్చేస్తా. నువ్వు మళ్లా కండెలు సూసుకుందువు."

"నేను పెట్టిన కార్డు కాదు పెద్దనాయనా. పూజ తర్వాత వదిన బిగించింది."

ఆయన వదిన వైపు తిరిగాడు. ఆమె టీ గ్లాసులు ఏరుతోంది.

"నేను దాని జోలికి యాడ పోయినాను మామా. ఇప్పేది, బిగించేది అంతా ఈ పాపే గదా."

నా మొహం చూడకుండానే అంది. చూసి ఉంటే తర్వాత అంత బాధపడేదాన్ని కాదేమో.

శనివారం కార్డును చేతిసంచిలో పెట్టుకుని పుత్తూరు బస్సెక్కాను. అక్కడ రిపేరు షాపులో ఇలాంటి పాత పెట్టె ఇంకొకటి ఉందని తెలుసు. షాపాయన అందులో పెట్టగానే జాబితాలో కార్డు పేరు వచ్చింది. "కార్డు బ్రహ్మాండంగా ఉండాదమ్మా. మీ స్లాటే సూసుకో" అన్నాడు. తిరిగి తీసి ఇస్తూ, "ఏందీ పౌడరు?" అని వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

రబ్బరుతో రుద్ది తుడిచిన కార్డు అది. నా స్లాట్‌లోకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ మళ్లీ మురికి పట్టిందన్నమాట. తిరిగొచ్చి స్లాట్‌లోకి టార్చి వేసి చూశాను. ఆ సన్నని గాడి పొడుగునా లేత పసుపు గంధం ఎండి, అట్టకట్టి ఉంది. వేలితో వరసగా రాసినట్టే ఉంది. మెడికల్ షాపులో స్పిరిట్ కొని, కొత్త పళ్ల బ్రష్షుతో ఒక్కొక్క పిన్నే కడిగాను. ఆదివారం పొద్దున కార్డు కనిపించింది. మిషన్ మొదటి అట్ట కొట్టింది.

పెద్దనాయనకు చెప్పక ముందు వదిన దగ్గరికి వెళ్లాను. ఆమె పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది.

"ఎప్పుడు తెలిసింది వదినా నీకు?"

ఆమె బుకాయించలేదు. "పెట్టేటప్పుడు తెలీదు. పొడుగ్గా గాడి కనపడితే, దానికీ పెట్టాలనుకున్నా. నువ్వు రబ్బరు పెట్టి రుద్దతా ఉంటే రెండో రోజు తెలిసింది."

"మరి చెప్పలేదే?"

"మా తమ్ముడికి పని లేక ఆర్నెల్లయింది." దుప్పటి అంచు సరిచేసింది. "నువ్వు సదువుకున్నదానివి. నీకు యాడైనా దొరుకుతుంది."

తెలిశాక కూడా నా పక్కనే కూర్చుని నేను రుద్దడం చూసింది. రబ్బరు కింద పడితే తీసి నా చేతికిచ్చింది కూడా.

పెద్దనాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అంతా విని, "సామికి పెట్టిన చందనం మీద నేరం ఏస్తా ఉండావా?" అన్నాడు.

"నేరం కాదు. కారణం."

"రెండూ ఒకటే. నిన్న మాపిటికే ఆ పిల్లోడికి మాటిచ్చినా. మిషన్ తిరుత్తణికి పోతాది. ఆడ కంప్యూటర్‌కి ఆ కార్డు పడుతుందంట. ఇప్పి ఇయ్యి."

వదిన గుమ్మంలోనే ఉంది. ఒక్క మాట, నిజమే మామా అని ఒక్క మాట అంటుందేమోనని చూశాను. ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

పని చేస్తున్న కంప్యూటర్‌ను ఆపి, మూత విప్పి, కార్డును రెండు చివరలా పట్టుకుని పైకి లాగాను. పళ్లు తళతళలాడుతున్నాయి. పాత డిజైన్ కాగితంలో చుట్టాను. వదిన చెయ్యి చాపింది. ఆ చేతిలో పెట్టలేదు. బల్ల మీద పెట్టి, కండెల వైపు వెళ్లాను.