ఎలుబి వేసిన పదకొండు మార్కులు

ఎలుబి వాళ్ల ఊరు జోంబా పట్నానికి సైకిలు మీద గంటన్నర దూరం. ఊరి దిగువన ఏరు. వానాకాలంలో ఏరు ఇసుక మోసుకొచ్చి ఒడ్డున పోస్తుంది. మగవాళ్లు దాన్ని తవ్వి లారీలకెత్తుతారు. పట్నంలో లేచే ప్రతి గోడలోనూ తమ ఏటి ఇసుక పిడికెడైనా ఉంటుందని ఎలుబి అన్న లింబానీ గొప్పలు పోయేవాడు.

లింబానీ ఆమె కంటే పదమూడేళ్లు పెద్ద. ఇద్దరికీ తల్లి ఒకతే గానీ తండ్రులు వేరు, అందుకని ఇంటిపేర్లు కూడా వేరు. తల్లి పోయాక ఎలుబిని సాకింది అతనూ, అతని భార్య ఎస్నాతీ. లింబానీకి అక్షరం ముక్క రాదు. రేడియో మాత్రం ప్రాణం. పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ వార్తలు వినేవాడు. ఏదైనా నమ్మబుద్ధి కాకపోతే ఆ డబ్బాతోనే తగువు పెట్టుకునేవాడు. "నువ్వెళ్లి చూశావా అసలు? చూడకుండా ఎట్లా చెప్తావు?" అని గదమాయించేవాడు. బజారులో మండాసీలు, నూనెలో వేయించిన పిండి ఉండలు, పొట్లం కట్టించుకొస్తే, తినడం అయ్యాక ఆ పేపరు ముక్క ఎలుబి చేతికిచ్చి చదవమనేవాడు. నూనె మరకలు పడి సగం అక్షరాలు కనిపించేవి కావు. "మిగతా సగం నేను తినేసినట్టున్నానే" అని నవ్వేవాడు. నీకు జర్నలిజం చదవాలని ఎందుకనిపించిందని కాలేజీ ఇంటర్వ్యూలో అడిగితే ఎలుబి దేశం గురించీ ప్రజల గురించీ ఏవో చెప్పింది. అసలు కారణం ఆ పొట్లం కాగితాలే.

ఆమె రెండో ఏడులో ఉండగా, జనవరి నెల ఒక మంగళవారం పొద్దున పది గంటలకి ఏటి గట్టు విరిగి పడింది. కింద తవ్వుతున్న ముగ్గురూ మట్టి కిందే ఉండిపోయారు. అందులో లింబానీ ఒకడు.

ఎలుబి ఊరికి వెళ్లింది. ఆడవాళ్లతో పాటు చావింట్లో నేల మీద కూర్చుంది. పాతిపెట్టడం అయ్యాక వారం ఉండి జోంబాలో కాలేజీకి తిరిగొచ్చింది. ఇన్నాళ్లూ ఏమైపోయావని హాస్టలు ఆవిడ అడిగితే "మలేరియా వచ్చిందండీ" అంది. ఎందుకలా అందో ఆమెకే తెలియదు. నోటికి అదే వచ్చింది. ఒకసారి అన్నాక దాన్ని మార్చే ఓపిక లేకపోయింది.

ఏడుపు వస్తుందని కొన్నాళ్లు చూసింది. అది రాలేదు. పొద్దున లేచేది, బట్టలు ఉతుక్కునేది, క్లాసులో కూర్చుని చెప్పిందల్లా రాసుకునేది. సంకటి ముద్ద, పక్కన ఉసీపా చేపల పులుసు పెడితే పళ్లెం ఖాళీ చేసేది. ఏం తిన్నావని గంట తర్వాత అడిగితే చెప్పలేకపోయేది. చేయి మీద పడుకుంటే తిమ్మిరెక్కి ఆ చేయి మనది కానట్టు ఉంటుంది చూడండి, ఆమెకి ఒళ్లంతా అట్లా ఉండేది.

మార్చిలో మీడియా విమర్శ చెప్పే బ్వానలి సార్ క్లాసుకి ఒక కట్ట కాగితాలు పట్టుకొచ్చాడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది.

"మన జిల్లాలోనే జరిగిన సంగతి. ఇసుక తవ్వేవాళ్లు ముగ్గురు పోయారు. దీని మీద పత్రికల్లో వచ్చినవి రెండు, రేడియోలో చెప్పింది ఒకటి, ఫోనుల్లో తిరిగింది ఒకటి. ఎవరు చూసి రాశారు, ఎవరు విని రాశారు, ఎవరి మాట వేశారు, ఎవరిది వదిలేశారు, తేల్చి రాయండి. తర్వాత మీ కాగితాలు పేర్లు తీసేసి, నంబర్లు వేసి మీకే పంచుతాను. ఒకరిది ఒకరు దిద్దాలి."

పోయినవాళ్లలో ఒకరు తన అన్నేనని ఎలుబి చేయెత్తి చెప్పి ఉండవచ్చు. చెప్తే సార్ వేరే వార్త ఇచ్చేవాడు. ఆమె కాగితాలు తీసుకుని సంచిలో పెట్టుకుంది.

ఆ వారమంతా లైబ్రరీలో కూర్చుని పని చేసింది. స్కేలు పెట్టి వార్తల పొడవు కొలిచింది. పోలీసు అధికారి మాట ఎన్ని వాక్యాలు, జిల్లా ఆఫీసు వాళ్లది ఎన్ని, ఊరివాళ్లది ఎన్ని అని గళ్లు గీసి నింపింది. ఊరివాళ్ల గడిలో సున్నా పడింది. వారపత్రికలో "అనుమతి లేకుండా తెల్లవారకముందే తవ్వుతుండగా" అని ఉంది. గట్టు విరిగింది పది గంటలకని ఆమెకి తెలుసు. అయినా అచ్చులో ఉన్నదాని మీదే విమర్శ రాయాలన్నది నియమం కాబట్టి "వేళ విషయంలో వార్తలకి పొంతన లేదు" అని మాత్రం రాసింది. వారపత్రిక చనిపోయినవాళ్లలో ఒకరి పేరు లింబికానీ అని వేసింది. వాళ్ల దేశంలో అదీ ఒక పేరే, ఎవరూ అనుమానపడరు. ఎలుబి తన వ్యాసంలో దాన్ని ఉన్నదున్నట్టు దించింది. అంతా అయ్యాక లెక్క చూస్తే ఆ పేరు తొమ్మిది సార్లు రాసింది. చేయి ఎక్కడా ఆగలేదు.

వారపత్రిక వార్త పక్కన ఒక ఫోటో. ఏటి ఒడ్డు, ఇసుక కుప్ప, అందులో దిగేసిన పార. "ఛాయాచిత్రం సంఘటన తీవ్రతను తెలుపుతోంది" అని ఒక వాక్యం రాసి ముగించింది.

తర్వాతి సోమవారం ఆమెకి దిద్దడానికి రెండు కాగితాలు వచ్చాయి, నాలుగో నంబరు, పదహారో నంబరు. నాలుగోది ఎవరిదో మొదటి పేరాకే తెలిసిపోయింది. అంత నున్నగా రాసేది బ్లాంటైర్ నగరపు కుర్రాడు ఫట్సానీ ఒక్కడే. వార్తలు మొత్తానికి సమతూకంగా ఉన్నాయన్నాడు. ఒంటరి పార ఫోటో ఎంతో గొప్పగా ఉందన్నాడు. బంధువులు అందుబాటులో లేకపోయి ఉండవచ్చని కూడా రాశాడు. ఎలుబి సార్ ఇచ్చిన మార్కుల ఫారం తీసుకుని అంశాలవారీగా చూసింది. భాష బాగుంది, అమరిక బాగుంది, ఉదాహరణలు ఉన్నాయి. ఇరవైకి పధ్నాలుగు వేసింది.

పదహారో నంబరు కాగితం చేతిరాతలో ఉంది. అక్కడక్కడ కొట్టివేతలు. అందులో ఇలా ఉంది: "ఈ ఫోటోలో వెనక నల్ల బండలు కనిపిస్తున్నాయి. శనివారం నేను ఆ ఊరు వెళ్లాను. అక్కడ బండలు లేవు, రెల్లు ఉంది. ఈ ఫోటో ఆ ఏటిది కాదు. గట్టు విరిగింది పగలు పది గంటలకు. చనిపోయినవాళ్లలో ఒకాయన పేరు లింబికానీ కాదు, లింబానీ. పేరు తప్పు పడిందని నేను చెప్పేదాకా ఆయన భార్యకు తెలియదు. పత్రిక వాళ్లు ఎవరూ ఆ ఇంటికి రాలేదట. ఆయన చెల్లెలు ఈ పట్నంలోనే జర్నలిజం చదువుతోందట. ఆమెనూ ఎవరూ అడగలేదు."

ఎలుబి ఫోటో తీసి చూసింది. నిజమే, బండలు. పుట్టి పెరిగిన ఏరు, ఈత నేర్చుకున్న ఏరు. వారం రోజులు ఆ కాగితం ముందు కూర్చుని తను దాన్ని చూడనేలేదు.

ఆమె ఫారం ముందుకు లాక్కుంది. మూడో అంశం: ప్రచురితమైనవాటికే పరిమితమయ్యారా? లేదు. అయిదో అంశం: పని చెప్పినట్టు చేశారా? లేదు. కూడితే పదకొండు వచ్చింది. పదకొండే వేసింది.

క్లాసులో చర్చ వచ్చింది. బ్వానలి సార్ పదహారో కాగితం చదివి వినిపించాడు. ఫట్సానీ వెనక బెంచీ నుంచి లేచాడు.

"సార్, మమ్మల్ని వార్తల మీద విమర్శ రాయమన్నారా, వార్తలు రాయమన్నారా? ఇది ఎవరో గానీ ఉద్యోగం ముందే మొదలెట్టేశారు. పెళ్లికి పిలిస్తే వంటింట్లో దూరి గరిటె పట్టుకున్నట్టుంది."

అందరూ నవ్వారు. సార్ కూడా కాస్త నవ్వాడు.

"దీన్ని దిద్దిందెవరు?"

ఎలుబి చేయెత్తింది.

"ఎంత వేశావమ్మా?"

"పదకొండు సార్."

"ఎందుకు అంత తక్కువ?"

"ఫారం ప్రకారం సార్. అచ్చులో లేని విషయాలు వాడారు."

"మరి అందులో ఉన్నవి నిజమో కాదో చూశావా?"

"నిజమే సార్."

"నీకెట్లా తెలుసు?"

"పేరు లింబానీనే. మా అన్న."

ఫట్సానీ ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోవాలో వద్దో తెలియనట్టు బల్ల అంచు పట్టుకున్నాడు. బ్వానలి సార్ కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అమ్మా, నాతో ఒక్క మాట అనకపోయావా?" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

ఎలుబి చేతిలోని ఫారం మడత సరిచేసింది.

"సరే. మార్కులు మార్చుకుంటావా?"

ఆమె ఆలోచించింది. "వద్దు సార్. ఫారం అట్లాగే ఉంది కదా."

బయట మామిడిచెట్టు కింద ఒకమ్మాయి ఆమె కోసం నిలబడి ఉంది. తుసేకిలే. ఉత్తరాన కరోంగా నుంచి వచ్చింది, క్లాసులో పెద్దగా మాట్లాడదు. పదహారో నంబరు ఆమెదే.

"మీ వదిన నీ పేరు చెప్పింది," అంది తుసేకిలే. "వచ్చి చెబుదామనుకున్నా. నువ్వేమో రోజూ తలొంచుకుని రాసుకుంటూ కూర్చుంటావు. కదిలిస్తే ఏమవుతుందో అని ఊరుకున్నా. తప్పు చేశానేమో."

"ఏమో, నాకూ తెలీదు."

"పదకొండేంటే బాబూ! బాడుగ సైకిలు కబాజా వాడి వెనక సీటు మీద రానూ పోనూ మూడు గంటలు. నా నడుం పడిపోయింది తెలుసా?"

"నడుముకి ఫారంలో గడి లేదు."

తుసేకిలే ఫక్కున నవ్వింది, వెంటనే నోటి మీద చేయి పెట్టుకుంది. "పర్లేదు, నవ్వు," అంది ఎలుబి.

ఫట్సానీ సాయంత్రం హాస్టలు గేటు దగ్గరికి రెండు ఫాంటా సీసాలు పట్టుకుని వచ్చాడు. "ఆ పార గురించి నేను రాసింది... నాకు తెలీదు ఎలుబీ," అన్నాడు. "బాగానే రాశావు. నీకు పధ్నాలుగు వేశాను," అందామె. ఆ మాట అతనికి తిట్టు కంటే గట్టిగా తగిలినట్టుంది. ఒక సీసా ఆమె చేతికిచ్చి, రెండోది తాగకుండానే పట్టుకుని వెళ్లిపోయాడు.

వారపత్రిక ఆఫీసుకి తుసేకిలేనే లాక్కెళ్లింది. అక్కడి సంపాదకుడు దయగల మనిషే. కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఆ రోజు పంపడానికి మనిషి లేడనీ, పోలీసులు ఫోనులో చెప్పిందే రాసుకున్నామనీ, ఫోటో పాత పెట్టెలోదనీ దాచకుండా చెప్పాడు.

"రెండు నెలలైపోయింది గదమ్మా. జనం మర్చిపోయి ఉంటారు."

"మర్చిపోయినా పేరు అదే కదండీ," అంది ఎలుబి. అరవలేదు, బతిమాలలేదు. కదలకుండా కూర్చుంది. ఆయన కలం తీసి రాసుకున్నాడు.

పది రోజుల తర్వాత పదకొండో పేజీలో, బోరుబావి టెండరు ప్రకటన కింద, మూడు వరుసలు పడ్డాయి. పేరు లింబానీ అనీ, ప్రమాదం పగలు జరిగిందనీ. ఫోటో సంగతి ఎత్తలేదు. బ్వానలి సార్ తన వంతుగా తుసేకిలేకి పద్దెనిమిది వేశాడు, ఎలుబికి పన్నెండు. ఎలుబి కాగితం చివర ఎర్ర సిరాతో "ఇంతా కొలిచావు, ఫోటో చూడలేదు" అని రాశాడు. ఆమెకి అది సరైన మాటే అనిపించింది.

ఆ శనివారం ఆమె ఊరికి వెళ్లింది. ఎస్నాతి గుమ్మంలో కూర్చుని కందికాయలు వలుస్తోంది.

"ఆ పిల్ల ఎట్లా ఉందే, ఆ పొడుగు పిల్ల?" అని అడిగింది. "నువ్వు పంపావనుకున్నా. సంచీడు వేరుశనక్కాయలు కట్టిచ్చా."

"బాగానే ఉంది వదినా." ఎలుబి పత్రిక విప్పి, ఆ వరుసల కింద వేలు పెట్టింది. "ఇదిగో, సరిగ్గా వేశారు."

ఎస్నాతి చేతులు నడుముకి చుట్టుకున్న చితేంజే గుడ్డకి తుడుచుకుని పత్రిక అందుకుంది. చదవడం రాకపోయినా చాలాసేపు చూసింది.

"ఇంత చిన్నదా?"

"ఊఁ."

"తప్పు వేసింది పెద్దగా వేశారా?"

"మొదటి పేజీలో వేశారు."

ఎస్నాతి తలాడించింది. పత్రికని నాలుగు మడతలు పెట్టి, లోపల బియ్యం డబ్బా మీద పెట్టొచ్చింది. ఇద్దరూ కందికాయలు వలిచారు. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని ఎలుబి చూసుకుంది. ఏమీ రాలేదు. గోళ్ల సందుల్లోకి పచ్చటి పసరు పోయి కొంచెం మండింది, అంతే. ఆ మంట తెలుస్తోందని మాత్రం గమనించింది. ఎస్నాతి సంకటి కెలకడానికి లేస్తూ ఉప్పు ఎక్కడుందో చూడమంది. ఎలుబి లేచి వెతకడానికి వెళ్లింది.